నాన్న అనుమానపు జబ్బు: సంపు మూతకు తాళం పడ్డప్పటి నుంచి డిశ్చార్జి దాకా

మా నాన్నకు 63 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చేశాడు. 2023 నవంబరు నుంచి పక్కింటివాళ్లు మా సంపులో విషపు మందు కలుపుతున్నారని నమ్మడం మొదలుపెట్టాడు. 2024 మే 21న ఆయన్ని హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో చేర్చాం, జూన్ 11న ఇంటికి తెచ్చుకున్నాం. తనకు ఏ జబ్బూ లేదని భీష్మించుకున్న మనిషిని డాక్టర్ దాకా ఎలా తీసుకెళ్లాలి, ఎవరు సంతకం పెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, మందు పనిచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది అనేవి మాకు ముందు చెప్పినవాళ్లు లేరు. ఇదే అవస్థలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

గొడవకు మూలం గోడ. పక్కింటివాళ్లు కొత్తగా కట్టిన ప్రహరీ మా వైపు 9 అంగుళాలు జరిగింది. సర్వేయర్ వచ్చి కొలిచాడు, నిజమేనని తేలింది. ఇందుకే చాలా నెలలపాటు మాకెవరికీ ఇది జబ్బు అన్న ఆలోచనే రాలేదు. నాన్న చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది కదా! తర్వాత డాక్టర్ చెప్పిన మాట అందరూ తెలుసుకోవలసింది: మొదలు నిజమా కాదా అన్నదాన్ని బట్టి భ్రమను కొలవరు. దాన్నుంచి మనిషి ఎంత దూరం వెళ్లాడు, ఎదురు రుజువు చూపిస్తే కొంచెమైనా కదులుతాడా, ఆ నమ్మకం రోజూ కొత్త మనుషుల్ని కలుపుకుంటూ పోతోందా అని చూస్తారు. గోడ నుంచి సంపుకు, సంపు నుంచి పాలవాడికి, పాలవాడి నుంచి అమ్మకు అది అయిదు నెలల్లో పాకింది.

డిసెంబరులో సంపు మూతకు తాళం పడింది. జనవరిలో నాన్న ఒక పొడుగు లెడ్జరు కొనుక్కొచ్చాడు. మిల్లులో లెక్కలు రాసిన చెయ్యి కదా, గీతలు గీసి గడులు చేశాడు: తేదీ, గంట, నీళ్ల రంగు, వాసన, ఆ పూట గోడ దగ్గర కనబడిన మనిషి. మొదటి పేజీల్లో రోజుకు ఒక వరుస, ఫిబ్రవరికి వచ్చేసరికి గంటకొకటి. మార్చిలో గడులు చాలక అంచుల్లో నిలువుగా రాశాడు. ఎర్రసిరాతో రాసినవి రాత్రివి. ఆ ఎర్రవరుసలు చూస్తేనే మనిషి ఎన్ని రాత్రులు నిద్రపోలేదో తెలిసిపోతుంది.

సోమవారం వస్తే నల్లగొండ కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి బస్సెక్కేవాడు. మొదటి అర్జీ అరపేజీ, గోడ గురించే. ఆఖరిది పదకొండు పేజీలు. మార్చి 16న పార్లమెంటు ఎన్నికల కోడ్ వచ్చి ప్రజావాణి ఆగిపోయింది. ఊరందరికీ అది ఎన్నికల కోడ్. నాన్నకు మాత్రం తన అర్జీని ఆపడానికే పైనుంచి చేసిన ఏర్పాటు. ఏది జరిగినా తన చుట్టే జరిగినట్టు తోచడం ఈ జబ్బులో ఎంత బలంగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. "ఎన్నికలు దేశమంతా కదా నాన్నా" అంటే, "అందుకే బిడ్డా, ఎవ్వరికీ అనుమానం రాకుండ జేసిండ్రు" అన్నాడు. ఆ మాటకు బదులు చెప్పడానికి వీల్లేదు.

ఏప్రిల్‌లో అన్నం మానేశాడు. అమ్మ వండినది ముట్టడు. తనే వలుచుకునే అరటిపండు, తనే పెంకు తీసుకునే ఉడకబెట్టిన గుడ్డు, కళ్లముందు కొట్టించుకున్న కొబ్బరిబోండం, సీలు తీయని బిస్కెట్ పాకెట్. ఇంతే. 68 కిలోల మనిషి 58కి దిగాడు. నలభై ఏళ్లు కలిసి బతికిన భార్యను పట్టుకుని "వాళ్లు నీకెంత ఇచ్చిండ్రు" అని అడిగాడు. అమ్మ అప్పటి నుంచి నాన్న ఎదురుగా తినడం మొదలుపెట్టింది, అదే గిన్నెలోంచి, ముందు తను. దానివల్ల లాభం లేకపోయింది. నీకు విరుగుడు ముందే ఇచ్చి ఉంటారన్నాడు. రుజువు పెట్టిన ప్రతిసారీ నమ్మకం ఇంకో మెట్టు ఎక్కుతుంది. నీళ్లను ల్యాబుకు పంపి రిపోర్టు తెప్పిస్తే ల్యాబువాళ్లు కూడా ఆ జాబితాలో చేరతారు. ఆ పని చేయాలనుకునేవాళ్లు డబ్బు మిగుల్చుకోండి.

ఈ దశలోనే మా మేనత్త ఎవరో చేతబడి చేశారని ఒకాయన్ని తీసుకొచ్చింది. ఆయన గుమ్మం పక్కన రాగిరేకు పాతిపెట్టి పన్నెండు వేలు తీసుకున్నాడు. డబ్బు సంగతి అటుంచండి. రెండు రోజులకు నాన్న ఆ రేకును తవ్వి తీశాడు. తన ఇంట్లో, తన గుమ్మంలో, తనకు తెలియకుండా పాతిన వస్తువు! అది లెడ్జరులో పక్కింటివాళ్ల ఖాతాలోకి చేరింది. అనుమానంతో ఉన్న మనిషికి తెలియకుండా ఏదైనా చేయడమంటే ఆయన అనుమానాన్ని నిజం చేసిపెట్టడమే. ఇది మందులకు కూడా వర్తిస్తుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఏప్రిల్ మూడో వారంలో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, 14416కు ఫోన్ చేశాను. రాత్రయినా పగలయినా పలుకుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు. అవతల ఉన్నావిడ దాదాపు అరగంట ఓపిగ్గా విన్నది. నా చేతికి దొరికిన మొదటి పనికొచ్చే సలహా ఆవిడదే: జబ్బు ఉందని ఆయనతో ఒప్పించే పని పెట్టుకోకండి. ఆయనే బాధపడుతూ ఒప్పుకునేది ఏదుందో వెతకండి, దాని కోసం డాక్టర్ దగ్గరికి రమ్మనండి. నాన్నకు రెండు ఉన్నాయి: నిద్ర పట్టడం లేదు, బరువు తగ్గుతున్నాడు. రెండూ నిజాలే కనుక అబద్ధం చెప్పక్కర్లేదు. గుడికి పోదామని చెప్పి ఆసుపత్రి గేటు దగ్గర దింపితే ఆ ఒక్కసారికి పని అవుతుందేమో కానీ తర్వాత మన చేత్తో ఇచ్చిన మాత్ర ఆయన మింగడు.

మాటల విషయంలో ఆవిడ చెప్పిందీ, తర్వాత డాక్టర్ చెప్పిందీ ఒకటే. అవునని అనకూడదు, కాదని వాదించకూడదు. నేను నాన్నతో వాడిన మాటలు ఇవి: "నాకైతే ఆ వాసన రావట్లేదు నాన్నా. కానీ నీకు భయంగా ఉందని తెలుస్తుంది. రాత్రంతా కాపలా కాస్తే నీ ఒళ్లేం కావాలి?" మొదటివారం విసుక్కున్నాడు. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున తనే "నిద్రకు ఏదన్న మందు ఉంటదా" అని అడిగాడు. ఆ మాట కోసం ఎదురుచూసిన రోజులు మా ఇంట్లో అన్నిటికంటే బరువైనవి.

మే 2, గురువారం హైదరాబాద్ బయల్దేరాం. అద్దెకారు రానూపోనూ 4,500. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేయించాం. నాన్నకు అటు తమ్ముడు, ఇటు నేను. నీళ్ల బాటిల్ ఇంటి నుంచి తీసుకెళ్లలేదు. దారిలో దుకాణం ముందు కారాపి ఆయన్నే కొనుక్కోమన్నాం, మూత ఆయనే తీశాడు. ఇలాంటి చిన్న విషయాలే ప్రయాణాన్ని గొడవ లేకుండా నడిపిస్తాయి. లెడ్జరు, అర్జీల కట్ట కూడా తెచ్చుకుంటానంటే వద్దనలేదు. అదే మంచిదయింది.

డాక్టర్ ఫీజు 800. పది గంటలకు టైమిస్తే పన్నెండున్నరకు పిలిచారు. ఆలస్యం సంగతి ముందే ఊహించుకుని ఆయన తినగలిగినవి, అంటే అరటిపండ్లూ బిస్కెట్లూ, దగ్గర పెట్టుకోండి. నేను ఒక కాగితం మీద రాసుకెళ్లాను: ఎప్పుడు మొదలైంది, ఏ నెలలో ఏం మారింది, నిద్ర, తిండి, బరువు, వాడే మందులు, మద్యం అలవాటు ఉందా లేదా, ఇంట్లో వేరేవాళ్లకు ఇలాంటిది వచ్చిందా, ఎవరినైనా కొట్టాడా, చస్తానన్నాడా. ఒక్క పేజీ దాటనీయలేదు. డాక్టర్ ముందు నాన్నతో ఒంటరిగా మాట్లాడాడు, తర్వాత మాతో.

నాన్న లెడ్జరు తీసి బల్ల మీద పెట్టాడట. డాక్టర్ పేజీలు తిప్పుతూ ప్రతి గడి గురించీ అడిగాడట. బయటికొచ్చాక నాన్న అన్న మాట: "ఈయన ఒక్కడే సక్కగ చదివిండు." డాక్టర్ నమ్మాననీ అనలేదు, నమ్మలేదనీ అనలేదు. శ్రద్ధగా విన్నాడు, అంతే. ఆయన అడిగిన ప్రశ్నల్లో కొన్ని మాకు వింతగా అనిపించాయి: గొంతులు వినిపిస్తున్నాయా, మీ ఆలోచనలు ఎదుటివాళ్లకు తెలిసిపోతున్నాయా, టీవీలో మీ గురించి చెబుతున్నారా, ఇవాళ తేదీ ఎంత, నూరులోంచి ఏడు తీస్తూ పొండి. గొంతులు లేవు, జ్ఞాపకశక్తి బాగుంది, మాట పొంతన తప్పలేదు, లెక్కలైతే మాకంటే ముందు చెప్పాడు. నమ్మకం ఒక్కటే పక్కదారి పట్టి, మిగతా మనిషి నిక్షేపంగా ఉంటే దాన్ని స్కిజోఫ్రెనియా అనరనీ, డెల్యూజనల్ డిజార్డర్ అంటారనీ చెప్పాడు. కాగితం మీద ఎఫ్ 22 అని కోడ్ వేశాడు. ఆ కోడ్ తర్వాత ఇన్సూరెన్స్‌లో అవసరమైంది.

అరవై దాటాక కొత్తగా ఇలా మొదలైతే ముందు ఒంట్లో వేరే కారణం లేదని తేల్చుకోవాలన్నాడు. రక్తపరీక్షలు: సీబీసీ (రక్తకణాల లెక్క), థైరాయిడ్, బీ12, షుగర్, కిడ్నీ, లివర్, సోడియం, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష), హెచ్ఐవీ. ఆపైన ఈసీజీ, మెదడు ఎంఆర్ఐ. రక్తపరీక్షలకు 5,200, ఎంఆర్ఐకి 7,500 అయ్యాయి. ఈసీజీ ఎందుకంటే ఈ జబ్బుకు ఇచ్చే మందుల్లో కొన్ని గుండె లయను మారుస్తాయి, మొదలుపెట్టేముందు ఒక నమూనా చేతిలో ఉండాలి. ఎంఆర్ఐలో వయసుకు తగ్గ మార్పులే. బీ12 బాగా తక్కువ. ఎవరం ఊహించనిది చెవి. డాక్టర్ తనే గమనించి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, రాశాడు. రెండు చెవులూ 50 డెసిబెల్స్ దగ్గర ఉన్నాయి, అంటే మామూలుగా మాట్లాడుకునే మాట సగం అందదు. వినికిడి తగ్గినవాళ్లలో అనుమానాలు పెరగడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతేనట. గోడ అవతల ఇద్దరు నవ్వుకుంటే ఎందుకు నవ్వారో వినబడదు. ఆ ఖాళీని భయం పూరిస్తుంది. పెద్దవాళ్లకు ఇలాంటిది మొదలైతే చెవీ కన్నూ తప్పకుండా చూపించండి. చాలాచోట్ల ఆ పరీక్ష రాయరు, మనమే అడగాలి.

రాత్రికి భ్రమలను తగ్గించే మందు, రిస్పెరిడోన్ 1 మిల్లీగ్రాము రాశాడు. నాలుగు రోజుల తర్వాత 2. బీ12 ఇంజెక్షన్ రోజు విడిచి రోజు. నాన్న ఇంజెక్షన్ చేయించుకున్నాడు, ఎందుకంటే మందు సీసా కళ్లముందే తెరిచారు. మాత్ర మూడు రోజులు మింగి, నాలుగో రోజు నుంచి దిండు కింద దాచాడు. అమ్మ చేతి మీదుగా వచ్చింది కదా. చుట్టాలందరూ చెప్పింది ఒకటే: పొడి చేసి మజ్జిగలో కలపండి. డాక్టర్ను అడిగితే ససేమిరా అన్నాడు. తిండిలో ఏదో కలుపుతున్నారని భయపడే మనిషికి నిజంగానే కలిపామనుకోండి, రుచి తేడా పట్టేస్తాడు. ఇక ఇంట్లో ఎవరినీ జన్మలో నమ్మడు, ఆ నమ్మకపోవడం భ్రమ కూడా కాదు. పైగా తనకు తెలియకుండా మందు పడితే మగత, బీపీ పడిపోవడం, వణుకు వచ్చినప్పుడు "విషం పని చేస్తుంది" అనుకుంటాడు. మాత్రల అట్టను నాన్న చేతికే ఇచ్చి, ఆయనే చించుకుని మింగేలా చేయమన్నాడు. కొన్ని రోజులు జరిగింది, కొన్ని రోజులు జరగలేదు.

మే 19 రాత్రి రెండు గంటలప్పుడు నాన్న గడ్డపార పట్టుకుని పక్కింటి గేటు కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాళ్లు 100కు ఫోన్ చేశారు. వచ్చిన కానిస్టేబుళ్లకు నేను ఫోన్లోనే జబ్బు సంగతి చెప్పి డాక్టర్ చీటీ వాట్సాప్‌లో పంపాను. వాళ్లు మెల్లగా మాట్లాడి గడ్డపార తీసుకుని ఇంట్లో కూర్చోబెట్టారు. ఇలాంటి మనిషిని లాకప్పులో పెట్టకూడదని, పరీక్ష కోసం 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 పోలీసులకు చెబుతుంది. డాక్టర్ చీటీ ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. ఆ రాత్రి మాకు అక్కరకొచ్చింది అదే.

ఇక చేర్చక తప్పదని తేలింది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ప్రభుత్వానిది, అక్కడ వైద్యానికి డబ్బులుండవు. ఆంధ్ర వాళ్లకు విశాఖలో ఉంది. మేము చూపించుకుంటున్న డాక్టరే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉండటంతో అక్కడికే వెళ్లాం. చేర్చే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెబుతాను, చాలామంది తడబడేది ఇక్కడే.

మనిషి తనంతట తాను చేరితే అది ఆ 2017 చట్టంలో సెక్షన్ 86. ఒప్పుకోకపోతే సెక్షన్ 89, గరిష్ఠం 30 రోజులు. ఇంటివాళ్లు ఆయన్ని ఇంట్లో ఉంచుకోలేమనుకున్నంత మాత్రాన చేర్చడానికి వీల్లేదు. ఇటీవల తనకు తాను హాని చేసుకునే ప్రయత్నమో బెదిరింపో ఉండాలి, లేదా ఇతరుల మీద దౌర్జన్యం చేసి ఉండాలి, వాళ్లకు దెబ్బ తగులుతుందన్న భయం కలిగించి ఉండాలి, లేదా తనకు హాని జరిగేంతగా తనను తాను చూసుకోలేని స్థితి ఉండాలి. మాకు గడ్డపార ఒకటి, తిండి మానడం ఒకటి. ఒక సైకియాట్రిస్టు, ఇంకో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి రాయాలి. ఆ పరీక్షలు చేరిన రోజున గానీ అంతకు ముందు 7 రోజుల్లో గానీ జరిగి ఉండాలి. దరఖాస్తు మీద సంతకం పెట్టేది నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే రోగి తన తరఫున ఉండాలని ముందే పేరు రాసిచ్చిన మనిషి. నాన్న ముందుగా ఎవరినీ రాసి పెట్టలేదు కనుక బంధువు ఆ స్థానంలోకి వస్తారు. అమ్మ పెట్టొచ్చు. కానీ విషం పెడుతోందని ఆయన అనుమానించే మనిషి సంతకంతో ఆసుపత్రిలో పడితే ఆ తర్వాత కాపురం ఏం కాను? డాక్టరే ఆ మాట ఎత్తి నన్ను పెట్టమన్నాడు. ఇది ఎవరి ఇంట్లోనైనా ఆలోచించుకోవలసిన విషయం: భ్రమలో ఎవరి పేరుందో ఆ మనిషి చేత సంతకం పెట్టించకండి, మాత్రలూ ఇప్పించకండి.

ఆధార్ కార్డులు ఇద్దరివీ, పాత చీటీలు, పరీక్షల రిపోర్టులు, ఇన్సూరెన్స్ కార్డు కావాలి. కాగితాలకు మూడు గంటలు పట్టింది. చేర్చిన సంగతి ఆసుపత్రి 7 రోజుల్లో, ఇలాంటి అడ్మిషన్ల మీద రోగుల అర్జీలు వినే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి. ఆడవాళ్లయితే 3 రోజుల్లో. ఒప్పుకునే శక్తి వచ్చిందా అని ప్రతి 7 రోజులకూ డాక్టర్లు చూసి రాయాలి. గొలుసులతో కట్టేయడం ఏ పేరుతోనైనా నేరం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టిపడేసిన 28 మంది అగ్నిప్రమాదంలో చనిపోయిన సంగతి తెలిసినవాళ్లు ఆ వాక్యం విలువ గుర్తిస్తారు.

వార్డులోకి ఫోన్ ఛార్జర్, బెల్టు, తాడున్న పైజామా, గాజు సీసాలు రానీయరు. లుంగీ కట్టే పెద్దవాళ్లకు ఎలాస్టిక్ ప్యాంట్లు ముందే కొనుక్కోండి. అక్కడ గేటు దగ్గర దుకాణంలో రెట్టింపు ధర. మొదటి రెండు రాత్రులు నిద్రకు లొరాజెపామ్ ఇచ్చారు. నాన్న చాలా రోజుల తర్వాత ఎనిమిది గంటలు నిద్రపోయాడు. మర్నాడు వార్డు క్యాంటీన్ అన్నం తిన్నాడు! ఆ అన్నం అమ్మ వండింది కాదు, పక్కింటివాళ్లకు అందనిది. తిండి ఇంత తొందరగా కుదుటపడటం మందు వల్ల కాదు, చోటు మారడం వల్ల. అది చూసి నయమైపోయిందని ఇంటికి తెచ్చేసుకునేవాళ్లు ఉంటారట. మేము ఉంచాం.

రిస్పెరిడోన్ 2 నుంచి 3కు, 4కు పెంచారు. ఈ మందు రేపటికల్లా నమ్మకాన్ని మార్చదు. నిద్ర, కంగారు మొదటి వారంలో సర్దుకుంటాయి. భ్రమ పట్టు సడలడానికి రెండు నుంచి ఆరు వారాలు. 4కు వెళ్లిన కొద్దిరోజులకు నాన్న నడక బిగుసుకుంది. చేతులు ఊగవు, చెంచా పట్టుకుంటే వణుకు. దీనికి మామూలుగా ట్రైహెక్సీఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు ఇస్తారు, ఇచ్చారు. రెండో రోజుకు మూత్రం ఆగింది. నాన్నకు ప్రోస్టేట్ పెద్దదై ఉంది, ఆ సంగతి నా కాగితంలో లేదు, ఎవరూ అడగలేదు. ఆ మాత్ర ఆపి, అసలు మందునే 3కు తగ్గించారు, వణుకు తగ్గింది. మీ ఇంట్లో మగవాళ్లు అరవై దాటి ఉంటే ప్రోస్టేట్, మలబద్ధకం, గ్లకోమా ఉన్నాయా లేవా అన్నది డాక్టర్ అడగకపోయినా చెప్పండి. ఇంకొకటి, పొద్దున మంచం మీంచి లేచేటప్పుడు బీపీ దిగుతుంది. ఒక నిమిషం కూర్చుని, తర్వాత నిలబడాలి. పడి తుంటి విరిగితే జబ్బు కన్నా అదే పెద్దదవుతుంది.

జూన్ 1న నాన్న నర్సును కాగితాలు అడిగి రివ్యూ బోర్డుకు అర్జీ రాశాడు, తన అడ్మిషన్ మీద. అది ఆయనకు చట్టమిచ్చిన హక్కు. ఆసుపత్రివాళ్లు తీసుకుని, అందినట్టు సంతకం చేసిచ్చి, పంపించారు. నాకు ఆ అర్జీ చూపించాడు. రెండే పేజీలు. గడులు లేవు, ఎర్రసిరా లేదు. నా మీద ఫిర్యాదు అయినా సరే, అది చదివి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను: కొన్ని నెలల కిందట పదకొండు పేజీలు రాసిన మనిషి విషయం విడమరిచి, సూటిగా రాశాడు. బోర్డు నుంచి పిలుపు వచ్చేలోగానే, జూన్ 6న, డాక్టర్లు చూసి ఇక సెక్షన్ 89 అక్కర్లేదన్నారు. ఉంటారా, వెళ్తారా అని నాన్ననే అడిగారు. చెవిమిషన్ కొలతలు అయ్యేదాకా ఉంటానని తనే సంతకం పెట్టాడు.

ఖర్చు: గది, డాక్టర్లు, మందులు, నర్సింగ్ కలిపి లక్షా పన్నెండు వేలు. చెవిమిషన్లు జత 38,000, ఇది వేరే. తమ్ముడి కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మానాన్నలున్నారు. క్యాష్‌లెస్ మొదట కాదన్నారు, మానసిక జబ్బు కవర్ కాదని ఫోన్లో ఒక మాట చెప్పి. అదే చట్టంలోని సెక్షన్ 21(4) మానసిక జబ్బుకూ ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే బీమా ఇవ్వాలంటుంది. కాదన్నది రాతపూర్వకంగా ఇవ్వమని మెయిల్ పెట్టండి. మేము పెట్టాక రీయింబర్స్‌మెంట్ కింద పంపమన్నారు. డిశ్చార్జి సమ్మరీలో జబ్బు కోడ్, ఎందుకు చేర్చవలసి వచ్చిందో ఒక వాక్యం, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మొదటి సమ్మరీలో నంబరు లేక వెనక్కి వచ్చింది. సెప్టెంబరులో 94,000 పడ్డాయి. చెవిమిషన్లకు రాలేదు.

ఇంటికి వచ్చాక నీళ్ల ఏర్పాటు మారిస్తే బాగుంటుందా అని అడిగాను. కొత్త సంపు, కెమెరా లాంటివి పెట్టొద్దన్నాడు డాక్టర్. భయానికి అనుగుణంగా ఇంటిని మార్చుకుంటూ పోతే ఇల్లే ఆ భయానికి సాక్ష్యం చెబుతుంది. చెవిమిషన్ మాత్రం పొద్దున లేవగానే పెట్టించమన్నాడు. మొదటి పదిరోజులు గిన్నెల చప్పుడుకే నాన్న చిరాకు పడ్డాడు. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయాం. ఇప్పుడు గోడ అవతల మాట ఆయనకు మాటగానే వినిపిస్తుంది: కరెంటు బిల్లు, కూరగాయల ధర.

జులై చివర్లో నాన్న అన్నాడు: "ఇప్పుడు వాళ్లు కలుపుడు బంద్ జేసిండ్రు." నాకు గుండె జారింది. అంటే ఇంతకుముందు కలిపారనే కదా! డాక్టర్ మాత్రం సంతోషపడ్డాడు. అదంతా అబద్ధమని ఒప్పుకోవడం చాలామందిలో జరగదు, జరగాలని పట్టుబట్టకూడదు. నమ్మకంలో వేడి తగ్గిందా, దాని మీద ఎంతసేపు గడుపుతున్నాడు, దాని కోసం ఏం చేస్తున్నాడు అన్నవే చూడాలన్నాడు. ఆ లెక్కన చూస్తే నాన్న సంపు తాళం ఆగస్టులో తీశాడు. లెడ్జరు అటక మీదికి పోయింది. అమ్మ వండింది తింటున్నాడు. అమ్మకు క్షమాపణ చెప్పలేదు. అమ్మ అడగలేదు కూడా, కానీ ఆవిడకు రాత్రిళ్లు నిద్ర సరిగా లేక మేము అదే ఆసుపత్రిలో కౌన్సెలింగ్‌కు తీసుకెళుతున్నాం. ఇంట్లో విషం పెట్టావన్న మాట పడ్డవాళ్లకూ వైద్యం కావాలి, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు రాత్రికి 2 మిల్లీగ్రాములు. నెలకు మాత్రలు దాదాపు 200 రూపాయలు, చూపించుకోవడానికి 800, ఛార్జీలు వేరే. మానేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక రెండేళ్లు ఆపొద్దన్నారు. మాత్ర మింగనివాళ్లకు నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి, అడగొచ్చు. నాన్న వద్దన్నాడు, అట్టను ఆదివారం ఆయనే లెక్కపెట్టి నాకు ఫోన్లో చెబుతాడు. ఆరు నెలల్లో బరువు 58 నుంచి 71కి వచ్చింది. ఇందులో కోలుకోవడం కొంత, మందు కొంత. అందుకే మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు చెప్పే పరీక్ష), కొలెస్ట్రాల్ చూస్తున్నారు. మళ్లీ మొదలవుతోందనడానికి మేము గమనించాలని డాక్టర్ రాసిచ్చినవి మూడు: వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, గ్లాసు వాసన చూసి తాగడం, కాగితాలు కొనుక్కు రావడం. వీటిలో ఏది కనబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

9 అంగుళాల గోడ విషయం తమ్ముడు లాయరుకు అప్పగించాడు. అది మాత్రం నిజంగా మాకు రావలసిన జాగా.